వేపింగ్‌కు అలవాటు పడ్డ పిల్లలకు సస్పెన్షన్ మందు కాదు

సంపాదకుడు గారికి,

స్కూలు బాత్రూముల్లో ఈ-సిగరెట్లు (నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే పరికరాలు; అలా పీల్చడమే వేపింగ్) దొరికాయన్న వార్త వచ్చినప్పుడల్లా ఒకటే మాట వినిపిస్తోంది: పట్టుకోండి, సస్పెండ్ చేయండి. హైస్కూల్లో సైన్స్ చెప్పే టీచర్‌గా నాకు ఈ ధోరణి చూస్తే భయమేస్తోంది.

ఈ పరికరాలు పెన్‌డ్రైవ్‌లానో, హైలైటర్‌లానో ఉంటాయి. పౌచ్‌లో పెన్నుల మధ్య పడేస్తే ఎవరికీ అనుమానం రాదు. సిగరెట్ కంపు ఉండదు, పండ్ల వాసనో పుదీనా వాసనో వచ్చి క్షణాల్లో పోతుంది. కాబట్టి ఇన్నాళ్లూ ఎలా కనిపెట్టలేకపోయారని తల్లిదండ్రులను తప్పుపట్టడం అన్యాయం.

మామూలు సిగరెట్ మొదటిసారి పీలిస్తే గొంతు మండి దగ్గొస్తుంది. ఆ మంటకే చాలామంది అక్కడితో ఆగిపోయేవాళ్లు. ఇప్పుడు వేపింగ్ ద్రవాల్లో చాలావాటిలో నికోటిన్‌కు ఆమ్లం కలిపి లవణంగా మారుస్తున్నారు. దాంతో మంట తగ్గి, ఎక్కువ మోతాదు కూడా సులువుగా లోపలికి పోతోంది. మెదడు దాదాపు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసులో నికోటిన్ తగిలితే వ్యసనం త్వరగా పట్టుకుంటుంది, చదువు మీద ధ్యాస కూడా దెబ్బతింటుంది. ‘అది వట్టి నీటి ఆవిరే కదా మేడమ్’ అంటారు పిల్లలు. కాదు. ఆ ద్రవం వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్ లాంటి హానికర రసాయనాలు పుడతాయి, ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట (కాయిల్) నుంచి లోహపు రేణువులూ ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. అమెరికాలో 2019లో వేపింగ్ చేసేవాళ్లలో మొదలైన ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వాటిలో ఎక్కువ కేసులకు గంజాయి సారం ఉన్న వేపింగ్ ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే పదార్థంతో సంబంధం ఉందని తేలింది. ఈ ఉదంతం చెప్పి ప్రతి పిల్లవాడినీ చావు పేరుతో బెదిరించడం సరికాదు. కానీ తాను పీల్చేదాంట్లో ఏం కలిసి ఉందో ఆ పిల్లవాడికి తెలియదన్నది మాత్రం నిజం.

నా క్లాసులో ఒక అబ్బాయి పట్టుబడితే వారం రోజులు ఇంటికి పంపేశారు. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోతారు, పగలంతా ఇంట్లో వాడొక్కడే. తిరిగొచ్చాక రెండో పీరియడ్‌కల్లా కాళ్లు ఊపుతూ, రాస్తున్న లెక్కను మధ్యలో వదిలేసి, బాత్రూమ్‌కు వెళ్తానని అడిగేవాడు. స్టాఫ్‌రూమ్‌లో కొందరు దాన్ని పొగరన్నారు. నికోటిన్ అందకపోతే చిరాకు, టెన్షన్, నిద్రలేమి వస్తాయి. మొదటి కొద్ది రోజులు మరీ కష్టంగా ఉంటుంది, ఆ తర్వాత కూడా వారాల తరబడి కోరిక పీడిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే వాడిని ఒంటరిగా వదిలేశాం.

పరికరాన్ని తీసేసుకోవాల్సిందే. ఇతర పిల్లలకు అమ్ముతున్నవాళ్ల సంగతి వేరు, అక్కడ కఠినంగానే ఉండాలి. కానీ అలవాటులో చిక్కుకున్న పిల్లవాడిని అందరి ముందు నిలబెట్టి తిడితే రేపటి నుంచి ఇంకా జాగ్రత్తగా దాచుకుంటాడు, అంతే. ఇంట్లోనూ తెలిసిన రాత్రే కొట్టడం, ఫోన్ లాక్కోవడం కాకుండా, ఎప్పుడు తాగాలనిపిస్తోందో అడగండి. పొద్దున్న లేవగానేనా, పరీక్షకు ముందా? ఆ జవాబుతో డాక్టర్‌ను కలవండి. అలవాటు మానడానికి చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌ల వంటివి సొంతంగా వాడకండి. మానేశాక మళ్లీ ఒకసారి తాగితే, అంతా అయిపోయిందనుకోకండి.

స్కూలు యాజమాన్యాలను నేను కోరేది ఒకటే. మొదటిసారి పట్టుబడిన విద్యార్థిని ఇంటికి పంపే బదులు, స్కూల్లోనే ఉంచి, కనీసం నెల రోజులు కౌన్సెలర్‌తో మాట్లాడించే నిబంధన పెట్టండి. తల్లిదండ్రులను మొదటి రోజే పిలిచి అందులో కలుపుకోండి.

ఇట్లు,
ఒక హైస్కూల్ సైన్స్ టీచర్