ఫర్నేస్ ఎక్కడ ఆగిందో చూడమ్మా

కూర్మన్నపాలెం, విశాఖపట్నం
భోగి ముందు రోజు

చిన్నీ,

రాత్రి ఫోన్లో నువ్వు చెప్పిన దాంట్లో నాకు అర్థమైంది ఇంతే: ఇల్లు వెచ్చగా ఉంచే ఫర్నేస్ చప్పుడు వస్తోంది, గాలీ వస్తోంది, కానీ చల్లగాలి. అటు పాప ఏడుపు, ఇటు మీ అమ్మ కంగారు, మధ్యలో నన్ను ఒక్క ముక్క పూర్తిగా చెప్పనివ్వలేదు. మెకానిక్ సాయంత్రానికి గానీ రాడన్నావు కదా, అందుకే రాసి పంపుతున్నా. ఇక్కడ రాత్రి 18 డిగ్రీలకే మీ అమ్మ మంకీ క్యాప్ పెట్టేసుకుంది. అక్కడ మిన్నియాపోలిస్‌లో మైనస్ 20 అంటే ఆవిడకి టెన్షన్ ఉండదా మరి!

స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యేదాకా ఫర్నేసుల దగ్గరే ఉన్న మనిషికి ఇంట్లో ఫర్నేస్ సంగతి తెలీదా అని ఆవిడ వాదన. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఇనుము కరిగించే మా మూడు బ్లాస్ట్ ఫర్నేసులకీ, మీ బేస్‌మెంట్‌లో ఉన్న డబ్బాకీ పేరు తప్ప పోలికే లేదు. అయితే నాది ఇన్‌స్ట్రుమెంటేషన్, అంటే మెషీన్లని కొలిచి అదుపులో పెట్టే పరికరాల పని. ఏ మెషీనైనా ఒక వరసలో స్టార్ట్ అవుతుంది. ఆ వరసలో ఎక్కడ ఆగిందో పట్టుకుంటే సగం పని అయినట్టే. మీ ఫర్నేస్‌కీ అదే లెక్క.

ముందు సులువైనవి చూసెయ్. గోడ మీద వేడి సెట్ చేసే థర్మోస్టాట్ 'హీట్'లోనే ఉందా, ఫ్యాన్ 'ఆటో'లో ఉందా? ఫ్యాన్ 'ఆన్'లో పెడితే బర్నర్ వెలగకపోయినా గాలి తిరుగుతూనే ఉంటుంది, అది చల్లగా కాక ఇంకెలా వస్తుంది? థర్మోస్టాట్ బ్యాటరీలు మార్చు. ఒకవేళ ఫర్నేస్ అసలు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే బ్రేకర్ చూడు. ఫర్నేస్ దగ్గర లైటు స్విచ్‌లాంటిది ఒకటి ఉంటుంది, అదే దాని పవర్. లైటనుకుని ఎవరైనా ఆపేసి ఉండొచ్చు. ఫర్నేస్ తలుపు సరిగా బిగించకపోయినా పనిచేయదు, లోపల డోర్ స్విచ్ ఉంటుంది.

తర్వాత ఫిల్టర్. నువ్వు చెప్పిన లక్షణానికి నా మొదటి అనుమానం దీని మీదే. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే గాలి చాలదు, లోపల వేడి పెరిగిపోతుంది, వేడి మితిమీరకుండా చూసే లిమిట్ స్విచ్ ట్రిప్ అయి బర్నర్లు ఆరిపోతాయి. లోపలి వేడి తగ్గించడానికి గాలిని ఇంట్లోకి తోసే పెద్ద ఫ్యాన్, అదే బ్లోయర్, మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు నీకు వచ్చేది చల్లగాలే. ఫిల్టర్ తీసి లైటుకి అడ్డంగా పెట్టి చూడు, వెలుతురు రాకపోతే పారెయ్యి. కొత్తది పెట్టేటప్పుడు దాని మీద బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి. ఇల్లు కొన్నాక ఒక్కసారైనా మార్చారా అని అడగను, నీ జవాబు నాకు తెలుసు.

ఫిల్టర్ బాగానే ఉంటే, థర్మోస్టాట్ పెంచి ఫర్నేస్ ఎదురుగా నిలబడు. ముందు పొగని బయటికి లాగే చిన్న ఫ్యాన్ తిరుగుతుంది, దాన్ని ఇండ్యూసర్ అంటారు. అది నిజంగా లాగుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకోవాలి. ఆ తర్వాత మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. అప్పుడు గ్యాస్ వాల్వ్ టిక్‌మని తెరుచుకుని బర్నర్లు నీలంగా అంటుకుంటాయి. కాసేపయ్యాక పెద్ద బ్లోయర్ మొదలవుతుంది. ఇండ్యూసర్ తిరిగి, అక్కడే ఆగిపోతోందా? బయటికి వెళ్లి గోడలోంచి వచ్చే ప్లాస్టిక్ పైపుల మూతి దగ్గర మంచు పేరుకుందేమో చూడు. ఫర్నేస్‌లోంచి నీళ్లు పోయే సన్న గొట్టం మూసుకున్నా ఇలాగే అవుతుంది.

మంట అంటుకుని కొన్ని సెకన్లకే ఆరిపోతోందనుకో, ఫ్లేమ్ సెన్సర్ అయి ఉండొచ్చు. మంటలోకి పొడుచుకుని ఉండే సన్నటి కడ్డీ అది. మంట గుండా మైక్రోయాంపుల్లో కరెంటు పారితేనే ఫర్నేస్‌ని నడిపించే కంట్రోల్ బోర్డు మంట ఉందని నమ్ముతుంది. కడ్డీకి పొర పట్టిందంటే ఆ కాస్త కరెంటూ అందదు, మంట కళ్లెదుట ఉన్నా గ్యాస్ కట్టేస్తుంది. అలా కొన్నిసార్లు ప్రయత్నించి లాకౌట్‌లోకి పోతుంది, అంటే ఇక ప్రయత్నించడం మానేస్తుంది. అల్లుడు గారికి ఓపికుంటే పవర్, గ్యాస్ రెండూ ఆపి, కడ్డీని విప్పి సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దొచ్చు. ఇగ్నైటర్‌ని మాత్రం ముట్టుకోవద్దను, అది పెళుసు. బోర్డు మీద చిన్న లైటు ఎన్నిసార్లు మిణుకుమంటోందో లెక్కపెట్టండి, దాని అర్థం తలుపు లోపలి కాగితం మీద ఉంటుంది.

ఇంతకుమించి చేయొద్దు. యూట్యూబ్‌లో ఎవడో ప్రెషర్ స్విచ్‌కి వైరు కలిపి నడిపించాడని మీరూ ఆ పని చేయకండి. ప్రమాదముంటే మెషీన్‌ని నడవనివ్వని ఇలాంటి ఇంటర్‌లాక్‌ని బైపాస్ చేయడమంటే ఏమిటో ప్లాంట్‌లో పనిచేసిన వాణ్ని అడగాలి. మా బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో దాదాపు పావు వంతు కార్బన్ మోనాక్సైడే. రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, ఆ తర్వాత లేవాలన్నా కాళ్లు లేవవు. మీ ఫర్నేస్ పొగ బయటికి పోకపోతే ఇంట్లో చేరేదీ అదే. పడక గదుల దగ్గర ఆ కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే సీవో అలారం ఉందో లేదో ఇప్పుడే చూడు, బటన్ నొక్కి మోగించు. అది తనంతట తాను మోగితే మాత్రం పాపని ఎత్తుకుని బయటికి వచ్చేసి, అక్కణ్నుంచి 911కి ఫోన్ చెయ్యి. వెచ్చదనం కోసం ఓవెన్ తలుపు తీసి పెట్టడం, బొగ్గుల గ్రిల్ లోపలికి తేవడం అసలు వద్దు.

గ్యాస్ వాసన వచ్చినా అంతే, బయటికే. మన సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పేరుకుంటుంది. అక్కడ పైపులో వచ్చేది తేలిక, పైకి పోతుంది. అందుకే కిందికి వంగి వాసన చూసి ఏమీ లేదనుకోకు. లైటు స్విచ్ కూడా ముట్టుకోవద్దు.

సాయంత్రం దాకా కరెంటు హీటర్‌ని నేరుగా గోడ ప్లగ్‌లోనే పెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో వద్దు. దుప్పట్లు, కర్టెన్లు దానికి మీటరు దూరంలో ఉండాలి. నీళ్ల పైపులు గడ్డకట్టి పగలకుండా కుళాయిలు సన్నగా కారనివ్వు, సింకు కింద తలుపులు తెరిచి ఉంచు.

మెకానిక్ వచ్చాక పార్టు ఏదైనా మార్చాలంటే, ఏ పరీక్ష చేసి అది పోయిందని తేల్చాడో అడుగు. పాతది తీసుకుని ఉంచు. మొత్తం ఫర్నేసే మార్చాలన్నాడంటే ఒప్పుకునే ముందు నాకు ఫోన్ చెయ్యి. రేపు భోగి మంటకి ఎలాగూ తెల్లారకముందే లేస్తాం, మీకు అప్పటికి సాయంత్రమే. ఫిల్టర్ ఫోటో మాత్రం ఇప్పుడే పెట్టు.

మీ నాన్న