కమిటీ హాల్లో తేల్చే వ్యవహారం కాదిది

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం సెలవులు దగ్గర పడుతున్నాయి. మా వనస్థలిపురంలో రైతుబజార్ దారి పొడవునా కరెంటు స్తంభాలకు సమ్మర్ క్యాంపు బ్యానర్లు కట్టేశారు. కరాటే, కూచిపూడి, డ్రాయింగ్, అబాకస్, స్కేటింగ్, గీతా శ్లోకాలు. ఫీజు ఎంతో, ఎన్ని గంటలకో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ రెండు గంటలూ పిల్లల దగ్గర ఎవరుంటారు, వాళ్ల గురించి నిర్వాహకులు ఏం విచారించారు అన్నది నాకు కనబడిన ఏ బ్యానర్‌లోనూ లేదు. అడిగే తల్లిదండ్రులూ తక్కువే.

నేను అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా అంగన్‌వాడీలతో, బస్తీల్లోని తల్లులతో గడిచింది. ఇప్పుడు మా కాలనీ సంక్షేమ సంఘం కార్యవర్గంలో ఉన్నాను. మా కమ్యూనిటీ హాల్లో పొద్దున పిల్లల క్లాసులు, మధ్యాహ్నం కుట్టు శిక్షణ, సాయంత్రం సీనియర్ సిటిజన్ల వేదిక, శనివారం భజన. కాలనీ సంఘమే కానీ, గుడి కమిటీయే కానీ, చర్చిలో సండే స్కూలే కానీ, మసీదు పక్కన సాయంత్రం పాఠాలే కానీ, ఈ నగరంలో పిల్లలు, ముసలివాళ్లు రోజూ వచ్చిపోయే చోట్లు ఇవే. నేను చెప్పదలచుకున్నది కూడా వీటి గురించే. ఇక్కడ ఎవరికైనా అన్యాయం జరిగిందని తెలిస్తే పెద్దమనుషులు కూర్చుని, మాట్లాడి, సర్దేస్తున్నారు. అది ఆగాలి.

నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. ఏ కాలనీ, ఏ ఏడాది, పాప వయసెంత అన్నవి రాయను. పిల్లల్ని గుర్తుపట్టే వివరమేదీ బయటపెట్టకూడదని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టంలో 23వ సెక్షన్ ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు, ఫొటోలు పంచేవాళ్లు కూడా అది గుర్తుపెట్టుకోవాలి.

ఆ పాప డ్రాయింగ్ క్లాసుకు పోనని మొండికేసింది. కడుపు నొప్పి అంది, క్రేయాన్స్ అయిపోయాయంది. బద్ధకమనుకుని తల్లి కోప్పడింది. ఒకరోజు నాయనమ్మ జడ వేస్తుంటే, మొహం అటు తిప్పి ఉంది కాబట్టేనేమో, పాప మెల్లగా చెప్పేసింది. తల్లి నేరుగా కాలనీ కమిటీ దగ్గరికి వెళ్లింది. ఎక్కడికి వెళ్లాలో ఆమెకు ఇంకెవరూ చెప్పలేదు. కమిటీ వాళ్లు ఆ సాయంత్రమే హాల్లో కూర్చున్నారు, మాస్టారినీ పిలిపించారు. పాపను ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, అంతమంది మగవాళ్ల మధ్య, ఆ మనిషి ఎదురుగానే, "భయపడకు బిడ్డా, ఏం జరిగిందో చెప్పు" అన్నారు. పాప నోరు విప్పలేదు. "చూసినవా, పిల్లనే ఏం అంటలేదు" అన్నారొకరు. "మనోడే గదమ్మా, చిన్నప్పటి సంది ఎరుకే" అన్నారు ఇంకొకరు. "రేపు పిల్ల పెండ్లి కావాలె, బయటికి పోతే నీకే నష్టం" అన్నది మూడో మాట. మాస్టారు చేతులు జోడించాడు. క్లాసు ఆపేయించారు. మినిట్స్ పుస్తకంలో రాసిన వాక్యం నేను తర్వాత నా కళ్లతో చూశాను: "వ్యక్తిగత కారణముల వలన డ్రాయింగ్ తరగతులు నిలిపివేయడమైనది."

అక్కడితో అయిపోయిందనుకున్నారు. కొన్నాళ్లకు ఆ తల్లి ఆటోలో వెళ్తుంటే ఇంకో కాలనీ గేటు మీద అదే మాస్టారి ఫొటోతో బ్యానర్ కనబడింది. తనకు తెలిసిన అంగన్‌వాడీ టీచర్‌ను పట్టుకుని అప్పుడు నా దగ్గరికి వచ్చింది. అదే రోజు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం, పోలీసులకు చెప్పాం. మిగిలింది కోర్టు చూసుకుంటుంది.

ఆ కమిటీ పెద్దలు దుర్మార్గులు కారు. కరోనా రోజుల్లో ఇంటింటికీ అన్నం ప్యాకెట్లు మోసినవాళ్లు అందులో ఉన్నారు. గొడవ లేకుండా చేస్తే అందరికీ మంచి చేసినట్టే అని నిజంగా నమ్మారు. కానీ వాళ్లు చేసింది నేరం. ఇది నా కోపంలో అంటున్న మాట కాదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా, జరగవచ్చని అనుమానం ఉన్నా సరే, పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థను నడిపే మనిషి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా. "తల్లిదండ్రులే కేసు వద్దన్నారు" అన్నది దీనికి జవాబు కాదు.

మన కమిటీలు ఎలా చేశాయి, చట్టం ఎలా చేయమంటోంది, పక్కపక్కన పెట్టి చూడండి. పాప ఇంటి దగ్గరే, లేదా తనకు ఇష్టమైన చోట వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సైకి తక్కువ కాని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. నిందితుడు పాప కంటపడకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. పోలీసులు, కౌన్సెలర్, వైద్యం, న్యాయ సలహా ఒక్కచోట దొరికేలా పెట్టింది. ఇన్ని జాగ్రత్తలు రాసి పెట్టి ఉండగా మనం పాపను కుర్చీలో కూర్చోబెట్టి విచారణ చేస్తున్నాం. బిడ్డ చెప్పినప్పుడు మనం అనాల్సింది "చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అని మాత్రమే. గుచ్చి గుచ్చి అడగడం మన పని కాదు, నిజమో కాదో తేల్చడం అసలే కాదు.

అబద్ధపు ఫిర్యాదైతే ఒక మంచివాడి బతుకు పాడవుతుంది కదా అని మా కార్యవర్గంలోనే అడిగారు. న్యాయమైన భయమే. దురుద్దేశంతో తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లకు 22వ సెక్షన్‌లో శిక్ష ఉంది. సద్బుద్ధితో సమాచారమిచ్చినవాళ్ల మీద కేసు ఉండదని 19వ సెక్షనే చెబుతోంది. మనిషి నిర్దోషి అయితే ఆ మాట దర్యాప్తులో తేలాలి. కమిటీ సర్దుబాటులో అతని నిర్దోషిత్వమూ తేలదు, అనుమానం మాత్రం జీవితాంతం వెంట వస్తుంది.

"మనోడే" అన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల నుంచి 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్న పిల్లలు 53 శాతం. వేధించినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకంగా మసలేవాళ్లే. 2022లో బంజారాహిల్స్‌లోని ఒక స్కూల్లో నాలుగేళ్ల పాప విషయం నగరమంతా కలతపడి చదివింది. అక్కడ శిక్ష పడింది ప్రిన్సిపాల్ కారు డ్రైవర్‌కు, 20 ఏళ్లు. అతను టీచరు కాదు, ఆయా కాదు. అందుకే పాఠం చెప్పే మాస్టారి గురించి విచారిస్తే సరిపోదు. తాళాలుండే వాచ్‌మన్, మైకు పెట్టే అబ్బాయి, టెంట్‌హౌస్ మనుషులు, అందరి గురించీ విచారించాలి. స్పోర్ట్స్ అకాడమీలతో సహా పిల్లలతో రోజూ పనిపడే ప్రతి సంస్థా తన సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాల్లోనే ఉంది. క్యాంపు రెండు నెలలే కదా అంటే కుదరదు.

మా హాల్లో స్టేజీ వెనక ఒక సామాన్ల గది ఉంది. షామియానాలు, కుర్చీలు, బతుకమ్మకు వాడే సౌండ్ బాక్సులు పెడతాం. దానికి లోపలి వైపు గడియ ఉండేది. ఎన్నో ఏళ్లుగా ఉంది, ఎవరికీ తప్పు తోచలేదు. సామాన్ల గదికి లోపలి నుంచి గడియ ఎందుకు? పోయినేడు పీకించేశాం, లోపలికి కనబడేలా తలుపుకు అద్దం పెట్టించాం. క్లాసు జరుగుతున్నంతసేపు ఇద్దరు పెద్దవాళ్లుండాలి, అందులో ఒకరు ఆడమనిషి. తల్లిదండ్రులు ఎప్పుడైనా లోపలికి రావచ్చు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్ల పేర్లు ముందే రాసివ్వాలి, వచ్చినవాళ్లు సంతకం పెట్టాలి. మాస్టార్లు పిల్లలకు విడిగా వాట్సాప్ చేయకూడదు. కరాటే మాస్టారు నొచ్చుకున్నారు. "నన్ను అనుమానిస్తున్నారా మేడమ్?" అన్నారు. మంచి మనిషి, ఆ మాటకు నా మనసూ కష్టపడింది. అయినా మనిషిని చూసి నియమం సడలిస్తే అది ఇక నియమం కాదు.

మగపిల్లల మాట ఎవరూ ఎత్తరు, నేను ఎత్తుతాను. వినాయక చవితి నవరాత్రుల్లో మండపం దగ్గర కాపలాకని పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు రాత్రుళ్లు పడుకుంటారు. లడ్డూ పోకుండా చూడాలి, దీపం కొండెక్కకుండా చూడాలి. ఇంట్లోవాళ్లకు అది పుణ్యకార్యం, పిల్లలకు సంబరం. ఆ దుప్పట్ల పక్కన ఇంకెవరు పడుకుంటున్నారు, ఎవరు మందు తాగి వస్తున్నారు, అర్ధరాత్రి ఎవరు బండి మీద ఎక్కించుకుపోతున్నారు, ఏ కమిటీ అయినా చూస్తోందా? పోక్సో చట్టానికి ఆడపిల్ల, మగపిల్లాడు తేడా లేదు, 18 ఏళ్ల లోపువాళ్లంతా పిల్లలే. రాత్రి కాపలా పెద్దలే వంతులేసుకుని చేయాలని మా మండపం కమిటీని కోరాం. ఒప్పుకున్నారు.

పిల్లలు కాని బలహీనుల సంగతి కూడా ఇంతే. మా వేదికకు వచ్చే ఒక పెద్దమ్మ ఒంటరిగా ఉంటుంది, కొడుకు విదేశంలో. బ్యాంకు పనులకు సంఘం తరఫున ఒక కుర్రాడు సాయం చేసేవాడు. ఏటీఎం పిన్ పాస్‌బుక్ అట్ట లోపల పెన్సిల్‌తో రాసి ఉండేది. మందుల షాపులో కార్డు పనిచేయక, ఖాతా చూస్తే పెన్షన్ డబ్బు చాలావరకు లేదు. ఇక్కడా మొదట వినిపించింది అదే పాట: వాళ్ల నాన్నతో మాట్లాడి కట్టిద్దాం. పెద్దమ్మ అక్కడే కూర్చుని ఉంది, ఆమెను ఎవరూ అడగలేదు. నేను అడిగితే, "నా కార్డు ఆపించు, పోలీసుల దగ్గరికి నేనే వస్త" అంది. పిల్లల విషయంలో చెప్పి తీరాలి, ఎంచుకునేది ఏమీ లేదు. బుద్ధి తెలిసిన పెద్దవాళ్ల విషయంలో ఏం చేయాలో వాళ్ల నోటి నుంచే రావాలి, దారి చూపించడం వరకే మన పని. వృద్ధులకు 14567 హెల్ప్‌లైన్ ఉంది. పిల్లలు చూడకపోతే తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకు సంబంధించిన 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

ఇంకో చోట, ఒక గుడి అన్నదానంలో నీళ్ల క్యాన్లు మోసే యువకుడున్నాడు. వయసు ఇరవై దాటింది, మానసిక ఎదుగుదల లేదు. కుర్రాళ్లు అతని చేత డాన్సు చేయించి రీల్స్ తీసి గ్రూపుల్లో పెడుతున్నారు. అతనూ నవ్వుతాడు, ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. పూట భోజనం దొరుకుతోంది కదా అని తల్లి మాట్లాడదు. దివ్యాంగులను నలుగురిలో కావాలని అవమానిస్తే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు ఉందని ఆ కుర్రాళ్లకు చెప్పాను. వీడియోలు తీసేశారు. కమిటీ నుంచి మాత్రం ఇంతవరకు ఒక్క మాట లేదు.

సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. నమోదప్పుడు బైలాస్ అడుగుతారు, సభ్యుల జాబితా అడుగుతారు. పిల్లల రక్షణ నియమావళి కూడా అడగమని రిజిస్ట్రార్‌ను కోరుతున్నాను. జీహెచ్‌ఎంసీ తన వేసవి శిబిరాలతోనే ఇది మొదలుపెట్టి, కమ్యూనిటీ హాలు ఎవరికిచ్చినా ఈ షరతు పెట్టాలి. సెలవులిచ్చేలోపు మీ సిటీ పేజీలో 1098, 112, 14567 నంబర్లు ఒక్కసారి పెద్దగా వేయండి, కత్తిరించి హాళ్లలో అంటించుకుంటాం.

మా సంఘం రాసుకున్న నియమాలు రెండు పేజీలున్నాయి, తెలుగులోనే. ఏ కాలనీవాళ్లయినా, ఏ మతం వాళ్లయినా వచ్చి అడిగితే జిరాక్స్ తీసి ఇస్తాం. అందులో లోపం కనబడితే అదీ చెప్పండి, క్యాంపు మొదలయ్యేలోపు దిద్దుకుంటాం.

ఇట్లు,
విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్,
వనస్థలిపురం, హైదరాబాద్