చిట్టితల్లికి, కె.ఆర్.ఎస్. (మైసూరు దగ్గరి కృష్ణరాజసాగర్ డ్యామ్) పడవ రేసుల ముందు

చిట్టితల్లీ,

ఎలా ఉన్నావమ్మా. పెద్ద విషయం ఏం లేదు, ఊరికే రాస్తున్నా. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటున్నావు, సరే ఆఫీసు హడావుడిలో ఉన్నావేమో, తీరిక దొరికినప్పుడు చదువుకుంటుందిలే అని పెడుతున్నా. ఇక్కడ అందరం బానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు పర్లేదు. మామ్మకి కొత్త కళ్ళజోడు కుదిరింది, పొద్దున్నే పేపర్ మొత్తం చదివేసి కాఫీ తాగేలోపు నాకు వార్తలన్నీ చెప్పేస్తోంది. నీ పాత లైఫ్ జాకెట్ బీరువా మీద కనిపిస్తే మేడ మీద ఆరేశాను, బూజు పట్టింది, జిప్ కూడా పోయింది, అది ఇంక నమ్మడానికి లేదు. కొత్తది కొన్నావా?

మొన్న పై ఫ్లోర్ ఆంటీ వాళ్ళ అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చాడు. హుస్సేన్ సాగర్ లో మీ తెరచాప పడవల రేసులకి రెస్క్యూ బోట్ లో ఉన్నాడట కదా. లిఫ్ట్ దగ్గర కనపడితే ఎలా జరిగాయి రా అని అడిగాను, వాడు మామూలుగానే చెప్పుకుంటూ పోయాడు, గాలి ఎలా మారుతోందో, స్టార్ట్ లో ఎంతమందికి ఓసీఎస్ (సిగ్నల్ కి ముందే గీత దాటడం) పడిందో అన్నీ, మధ్యలో అన్నాడు అక్కకి తల ఎలా ఉంది అంకుల్ అని. ఏ తల రా అన్నాను. అప్పుడు చెప్పాడు. కింది మార్క్ బోయా దగ్గర జైబ్ కొట్టినప్పుడు, అదే గాలి వెనక నుంచి ఉండగా తెరచాప ఇటు నుంచి అటు తిప్పినప్పుడు, బూమ్, ఆ తెరచాప కింది కర్ర, నీ ఎడం చెవి పైన తగిలిందని, మెయిన్‌షీట్ తాడు పడవ వెనక మూలకి తగులుకుని పడవ బోర్లా పడిందని. పడితే పడ్డావు, అది నీకు కొత్త కాదు. డాగర్‌బోర్డ్ (పడవ అడుగున దిగే పలక) మీద నిలబడి పడవ లేపుకుని ఆ రేస్ పూర్తి చేశావట, తర్వాతి రేస్ కూడా ఆడావట. సాయంత్రం వాంతి అయిందట. మధ్యాహ్నం తిన్న పెరుగన్నం పడలేదు అన్నావట.

సరే, అది అలా ఉంచు.

సీజన్ సంగతి చెప్పు. మన క్లబ్ ఇప్పుడు ఎన్నో స్థానంలో ఉంది? హైదరాబాద్ వాళ్ళు సొంత చెరువులో గెలవడం వింత కాదు, హుస్సేన్ సాగర్ లో గాలి చుట్టూ ఉన్న బిల్డింగులని తగిలి ఎటు నుంచి వస్తుందో చెప్పలేం, రోజూ ఆ నీళ్ళలో తిరిగే పిల్లలకే అది తెలుస్తుంది. సముద్రంలో నేర్చుకున్నవాళ్ళకి ఆ చెరువు గాలి అంత త్వరగా అలవాటు కాదు. ఇక్కడైతే ఎండాకాలం మధ్యాహ్నానికి సముద్రం గాలి లోపలికి తిరుగుతుంది, తిరిగిందంటే సాయంత్రం దాకా ఒకే దిక్కు, దాని మీద లెక్క వేసుకోవచ్చు. ఆ బుద్ధుడి విగ్రహం చూసే ఉంటావు, 1990లో పంటు మీద తీసుకెళ్తుంటే నీళ్ళలో పడిపోయి మనుషులు పోయారు, 1992లో పైకి తీసి నిలబెట్టారు. నేను లాంచీ మీద పనిచేసే రోజుల్లో మా వాళ్ళందరం దాని గురించే మాట్లాడుకున్నాం. చెరువే కదా అనుకోకూడదమ్మా. హార్బర్ లోపల ఎంత నెమ్మదిగా ఉన్నా నిచ్చెన మీద నుంచి షిప్పు ఎక్కేటప్పుడు మా పైలట్లు, అదే షిప్పుని హార్బర్ లో నడిపించేవాళ్ళు, ప్రతిసారీ మొదటిసారి ఎక్కినట్టే ఎక్కేవాళ్ళు.

నువ్వు ఆప్టిమిస్ట్ లో ఉన్నప్పుడు నాకు ఇంత భయం లేదు. డబ్బా లాంటి చిన్న పడవ, 3.5 చదరపు మీటర్ల తెరచాప, పడినా లేచినా పక్కనే కోచ్ బోట్. లేజర్ పడవలోకి మారి 4.7 నుంచి 5.7 చదరపు మీటర్ల తెరచాప కి వెళ్ళినప్పుడే చెప్పాను, ఒక్క మీటరే కదా నాన్నా అన్నావు. ఆ ఒక్క మీటర్ కి గాలి ఎంత బలం ఇస్తుందో నీకే తెలుసు ఇప్పుడు. దాంట్లో బూమ్ ఎంత కిందకి ఉంటుందో నేను చూశాను, జైబ్ కొట్టేటప్పుడు మడిచిపెట్టినట్టు వంగాలి. బూమ్ దాటే ముందు షీట్ తాడు ఒక్కసారి చేత్తో గట్టిగా లాగితే ఆ వదులు పైకి లేచి వెనక మూలకి తగులుకోదని మీ కోచ్ నీకు చెప్తుంటే పక్కన నిలబడి విన్నాను నేను. అలిసిపోయినప్పుడు అది మర్చిపోతారు. అంటే అప్పటికే అలిసిపోయి ఉన్నావన్నమాట. పొద్దున ఏం తిన్నావు? టీ బిస్కెట్టేనా?

మీ పెదనాన్న సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు, నువ్వు చిన్నదానివి. తాళ్ళరేవులో చెక్క పడవలు కడతారు కదా, అక్కడ ఆయనకి తెలిసినవాళ్ళు కొత్త పడవకి తెరచాప కట్టి గాలి చూస్తున్నారని వెళ్ళాడు. ఆయనకి పడవలంటే పిచ్చి, నీకు వచ్చింది ఆయన దగ్గర్నుంచే అంటుంది మామ్మ. అందరూ గట్టు మీద ఉంటే ఈయన పడవెక్కి కూర్చున్నాడు. గాలి తిరిగి తెరచాప కట్టిన వెదురు ఒక్కసారి ఇటు వచ్చి తలకి కొట్టింది. రక్తం రాలేదు, బొప్పి కట్టింది అంతే. ఏం కాలేదెహె అని లేచి బట్టలు దులుపుకుని సాయంత్రం ద్రాక్షారామం సుబ్బులు పెళ్ళికి వెళ్ళాడు. పెళ్ళిలో పనసపొట్టు కూర వడ్డించే కుర్రాణ్ణి ఆపి మరీ రెండుసార్లు వేయించుకున్నాడట, ఆ కూర గురించి చాలా రోజులు చెప్పాడు, ఆవ సరిగ్గా పడిందని. అంత బాగున్నాడు. తర్వాత తల నొప్పి అనేవాడు, ఎండకి అనేవాడు. మామ్మ నిమ్మరసం ఇచ్చేది. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకునేవాడు, కళ్ళు కనపడట్లేదేమో అనుకున్నారు. రెండు మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు బజార్ నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని మీ పెద్దమ్మని మంచినీళ్ళు అడిగాడు. ఆవిడ చెంబు తెచ్చి చూస్తే ఒంటి చెప్పుతో ఉన్నాడు. రెండోది ఏది అంటే కాళ్ళకేసి చూసుకుని, ఉందిగా అన్నాడు. ఎడం కాలి చెప్పు వీధి మొదట్లో పడి ఉంది. జారిపోయినట్టే ఆయనకి తెలీలేదు. పెద్దమ్మ చెంబు అక్కడే పెట్టేసి, ఎవరినీ అడక్కుండా కారు మాట్లాడి కాకినాడ తీసుకెళ్ళింది. స్కాన్ తీస్తే పుర్రె కింద రక్తం గడ్డ, మెదడుని ఒత్తుతోంది. చిల్లు పెట్టి తీశారు. ఇంకో రెండు రోజులు ఆగుంటే అన్నాడు డాక్టర్, మాట పూర్తి చెయ్యలేదు.

నీకు అలా అయిందని నేను అనట్లేదు. మా డాక్టర్ గారిని అడిగాను కూడా, వయసులో ఉన్నవాళ్ళకి అలా నెమ్మదిగా ముదరడం తక్కువే అన్నారు. కానీ తలకి దెబ్బ తగిలాక వాంతి అయిందంటే చూపించుకోవాల్సిందే అన్నారు. మొదటి దెబ్బ మానకుండా రెండోది తగిలితే చాలా ప్రమాదం అని కూడా అన్నారు. నేను ఆలోచిస్తున్నది ఒక్కటే తల్లీ, పెదనాన్నకి చెప్పు లేదని చూడ్డానికి పెద్దమ్మ ఉంది. నీ రూమ్మేట్ నైట్ షిఫ్ట్. నువ్వు ఆఫీస్ నుంచి వచ్చేసరికి ఆ అమ్మాయి వెళ్ళిపోతుంది. నీ చెప్పు ఎవరు చూస్తారు?

వచ్చే శనివారం కె.ఆర్.ఎస్. లో రేసులున్నాయని ఆ అబ్బాయే చెప్పాడు. ఈ రోజుల్లో అక్కడ పడమటి గాలి గట్టిగా ఉంటుంది, డ్యామ్ నిండితే అలలు కూడా లేస్తాయి. నువ్వు రాకపోతే క్లబ్ వెనకపడుతుందని నీ బాధ, నాకు తెలుసు. నేను లెక్క వేశాను, పాయింట్లు తక్కువ ఉన్నవాళ్ళే గెలుస్తారు కదా. మొదటివాళ్ళకి ఒకటి, రెండోవాళ్ళకి రెండు, రానివాళ్ళకి మొత్తం పేరిచ్చిన పడవల మీద ఇంకొకటి. ఇరవై పడవలుంటే నీ పేరు మీద ఇరవైఒకటి పడుతుంది. అన్నిటికన్నా చెడిన ఒక రేస్ లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి అది డిస్కార్డ్ లో పోతుంది, మిగతావి పోవు, నిజమే. పోనీ. మీ టీంలో ఆ చిన్నపిల్ల ఉందిగా, రిజర్వ్ లో కూర్చుని కూర్చుని ఉంది, దానికి ఒక వీకెండ్ ఇవ్వు. 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్ లో తెరచాప పడవల్లో నేహా ఠాకూర్ కి సిల్వర్ వచ్చిన రోజు నువ్వు ఫోన్ లో ఎలా అరిచావో గుర్తుందా? నేత్రా కుమనన్ మన చెన్నై పిల్లే, టోక్యో ఒలింపిక్స్ కి వెళ్ళింది, మళ్ళీ పారిస్ కి వెళ్ళింది. ఒక సీజన్ కాదు కదా, ఏళ్ళ తరబడి ఆడాలి ఇది. ఆడాలంటే తల ఉండాలి.

రేస్ కి దిగాలా వద్దా అన్నది ఆ పడవ వాళ్ళదే బాధ్యత అని మీ రూల్ బుక్ లో మొదట్లోనే ఉంటుంది, నువ్వే చదివి వినిపించావు నాకు. కోచ్ దిగమన్నాడు, క్లబ్ వాళ్ళు అడిగారు అనేది లెక్కలోకి రాదు. నువ్వే చెప్పాలి వద్దని.

ఇవి చూసుకో: తలనొప్పి పెరుగుతోందా, వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా, నిద్ర ఎక్కువ వస్తోందా, ఆఫీసులో చదివిందే మళ్ళీ చదవాల్సి వస్తోందా. అద్దంలో రెండు కళ్ళ కంటిపాపలు సమానంగా ఉన్నాయా చూడు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆటో ఎక్కి నేరుగా ఆసుపత్రికి వెళ్ళు, నాకు తర్వాత చెప్దువుగాని. ఏమీ లేకపోయినా న్యూరో డాక్టర్ కి చూపించు. ఆయన సరే అన్నాకే జిమ్ము, దాని తర్వాత పడవ. కంప్యూటర్ ముందు తక్కువ కూర్చో. రాత్రి పదకొండు దాటి ఆన్‌లైన్ లో పచ్చచుక్క కనిపిస్తోంది నాకు.

ఏదో ఒకటి చెప్తే నేను పడవలు మానిపించేస్తానని భయపడి చెప్పలేదేమో. మానిపించను. హార్బర్ లో నీకు మొదటి లైఫ్ జాకెట్ తొడిగింది నేనే, ఆ బెల్టు బిగించింది నేనే.

శుక్రవారం బృందావన్ ఎక్స్‌ప్రెస్ లో నేను అమ్మ వస్తున్నాం, టికెట్లు తీసేసుకున్నాం, వద్దనకు. అమ్మ కందిపొడి, చింతకాయ పచ్చడి, మజ్జిగ మిరపకాయలు కడుతోంది, పనసపొట్టు దొరికితే అది కూడా తెస్తాం. డాక్టర్ అపాయింట్‌మెంట్ శనివారం పొద్దున తీసుకుని టైం నాకు మెసేజ్ పెట్టు. బొమ్మ కాదు, టైం రాసి పెట్టు. మధ్యాహ్నానికి చేరతాం, నువ్వు అన్నం ఒక్కటి వండి పెట్టు చాలు.

మీ నాన్న