మన సంఘం వార్షిక నివేదిక: మక్కబీయన్స్ గురించి కాస్త ఎక్కువే

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతారు. సంక్రాంతి, ఉగాది ఎప్పట్లాగే కళకళలాడాయి, వాటి గురించి మళ్లీ రాయను. ఈసారి ఎక్కువ చర్చ జరిగింది మన చరిత్ర ప్రసంగాల మీద, అందులోనూ లండన్‌లో యూదు వృత్తినిపుణులు 1891లో పెట్టుకున్న మక్కబీయన్స్ మీద. రాలేకపోయినవాళ్ల కోసం ఆ కథ క్లుప్తంగా.

లాయర్లు, డాక్టర్లు, చిత్రకారులు, రచయితలు కలిసి భోంచేసి నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి పెట్టుకున్న క్లబ్ అది. అక్కడి యూదు సమాజంలో పెత్తనం డబ్బున్న పాత కుటుంబాలది కాబట్టి, చదువుకుని పైకొచ్చినవాళ్లకి తమదంటూ ఓ చోటు కావాల్సి వచ్చింది. మొదటి అధ్యక్షుడు చిత్రకారుడు సాలమన్ జె. సాలమన్, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి కామఫ్లాజ్ (శత్రువు కంటపడకుండా దాచే) పని చేసి పెట్టిందీ ఆయనే.

అందరికీ బాగా నచ్చింది 1895 నవంబరు 24 నాటి విందు. వియన్నా నుంచి థియోడర్ హెర్జల్ అనే జర్నలిస్టు వచ్చాడు, రచయిత ఇజ్రాయెల్ జాంగ్విల్ పరిచయంతో. యూదులకి సొంత దేశం కావాలన్న ఆయన పుస్తకం అప్పటికింకా అచ్చు కాలేదు, 1896 ఫిబ్రవరిలో వచ్చింది. ప్రసంగం మొదటి రెండు భాగాలు జర్మన్‌లో, మూడోది ఫ్రెంచ్‌లో మాట్లాడాడు; రెవరెండ్ సిమియన్ సింగర్ నోట్స్ రాసుకుంటూ, జర్మన్‌లో చెప్పిన ఒక్కో భాగం కాగానే ఇంగ్లీషులో సారాంశం చెప్పారట. భోజనం అంతంతమాత్రం, ఆదరణ మాత్రం బాగుంది అని హెర్జల్ డైరీలో రాసుకున్నాడు. (మన దగ్గర ఎప్పుడూ దీనికి తలకిందులుగానే ఉంటుంది, వంటల కమిటీకి ధన్యవాదాలు.) విన్నవాళ్లలో కొందరు ఒప్పుకోలేదు. అయినా 1897లో హెర్బర్ట్ బెంట్‌విచ్ అనే లాయరు ఆధ్వర్యంలో ఒక బృందం పాలస్తీనా వెళ్లి చూసొచ్చింది.

ఈ క్లబ్ వాళ్లకి సొంత దేశం ఆలోచన ఒక్కటే పని కాదు. వలస కుటుంబాల పేద పిల్లల కోసం కర్నల్ గోల్డ్‌స్మిడ్ 1895లో మొదలుపెట్టిన జ్యూయిష్ లాడ్స్ బ్రిగేడ్ (యూదు కుర్రాళ్ల దళం) ఆలోచన కూడా ఈ క్లబ్‌లోనే చర్చకొచ్చింది. నాకైతే హెర్జల్ విందు కన్నా ఇదే పెద్ద విషయం.

బ్రిటన్ పండితుల సంస్థ బ్రిటిష్ అకాడమీలో న్యాయశాస్త్రం మీద మక్కబీయన్ పేరుతో ఉపన్యాసం ఉంది. 1959లో జడ్జి లార్డ్ డెవ్లిన్, నీతిని కాపాడే పని చట్టానికి ఉందని అక్కడే వాదించాడు. దాన్ని ఖండించిన న్యాయశాస్త్ర పండితుడు హెచ్.ఎల్.ఎ. హార్ట్ యూదు కుటుంబంలో పుట్టినవాడే. ఈ ముక్క రాగానే మన లాయర్లు రెండు జట్లయిపోయి, హాలు టైమ్ అయిపోయినా కదల్లేదు. అదనపు అద్దె లెక్కల్లో కనిపిస్తుంది, కంగారు పడకండి.

వచ్చే ఏడాది ప్రసంగాలకి అంశాలు, కమిటీకి పేర్లు సర్వసభ్య సమావేశం లోపు కార్యదర్శికి ఇవ్వండి.