కిటికీ మన టేబుల్ మీద, ప్రోగ్రామ్ మెయిన్‌ఫ్రేమ్‌లో: ఈ సంగతి కొత్త పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ చదువుల పేజీలో మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) ఉద్యోగాల మీద వచ్చిన వ్యాసం చదివాను. కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 లాంటి మెయిన్‌ఫ్రేమ్ భాషలూ సాఫ్ట్‌వేర్లూ వచ్చినవాళ్లకు ఇప్పటికీ పని దొరుకుతోందని రాశారు, అది నిజమే, సంతోషం. కానీ మెయిన్‌ఫ్రేమ్ అంటే నల్ల తెర మీద పచ్చ అక్షరాలే, బొమ్మలూ కిటికీలూ అక్కడ ఉండవు అన్న మాట మాత్రం సరికాదు. ఆ మాట నమ్మి ఉద్యోగంలో చేరిన పిల్లలు మొదటి నెలల్లోనే ఎక్కడ ఇరుక్కుంటారో ఇరవై ఏళ్లుగా దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

పచ్చ అక్షరాల తెర అంటే 3270 టెర్మినల్. 1971లో ఐబీఎం తెచ్చింది, సాధారణంగా 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. ఇవాళ ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (ఆ టెర్మినల్‌లా నటించే ప్రోగ్రామ్) తెరిచినా కనిపించేది దాని రూపమే. అయితే 2000లో అదే మెయిన్‌ఫ్రేమ్ మీదికి లినక్స్ వచ్చింది. ఇప్పుడు ఒకే పెద్ద యంత్రంలో ఒక పక్క మెయిన్‌ఫ్రేమ్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్, ఇంకో పక్క ఒకే యంత్రాన్ని ఎన్నో యంత్రాలుగా పంచే జెడ్‌వీఎం కింద పదుల కొద్దీ లినక్స్ సర్వర్లు నడిపే ఆఫీసులున్నాయి, వాటి మీద ఒరాకిల్ డేటాబేస్, వెబ్‌స్ఫియర్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లు నడుస్తాయి. ఆ ఒరాకిల్ ఇన్‌స్టాలర్‌ను నడిపితే అది కిటికీ తెరుస్తుంది, బటన్లు చూపిస్తుంది, "నెక్స్ట్" నొక్కమంటుంది. ఆ లినక్స్‌కు గ్రాఫిక్స్ కార్డే ఉండదు, మానిటర్ తగిలించే చోటూ ఉండదు. మరి ఆ కిటికీ ఎక్కడ తెరుచుకోవాలి?

మన టేబుల్ మీద తెరుచుకోవాలి. దీనికి పద్ధతి ఎప్పుడో ఉంది. 1984లో అమెరికాలోని ఎంఐటీలో ప్రాజెక్ట్ ఎథీనా జరుగుతున్నప్పుడు బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ మొదలుపెట్టిన ఎక్స్ విండో సిస్టమ్ అది. దాని పదకొండో వెర్షన్, అంటే ఎక్స్11, 1987లో వచ్చింది, దాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. డ్రాయింగ్ మాస్టారు ఎక్కడో కూర్చుని ఫోన్‌లో "ఇక్కడో గీత గియ్యి, దాని కింద ఈ అక్షరాలు రాయి" అని చెబుతుంటే మనం ఇక్కడ బోర్డు మీద గీసినట్టు ఉంటుంది దాని పని. ప్రోగ్రామ్ మెయిన్‌ఫ్రేమ్‌లో నడుస్తుంది, గీసేది మన కంప్యూటర్. గీసేదాన్ని ఎక్స్ సర్వర్ అంటారు, గీయమని అడిగే ప్రోగ్రామ్‌ను క్లయింట్ అంటారు. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు, ఎందుకంటే సర్వర్ అంటే దూరంగా ఉన్న పెద్ద యంత్రం అని వాళ్లకు అలవాటు, ఇక్కడేమో సర్వర్ మన విండోస్ ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్న ఎక్స్‌మింగో వీసీఎక్స్‌సర్వో మోబాఎక్స్‌టర్మో, అలాంటి ఒక ప్రోగ్రామ్ అవుతుంది. ఈ ఒక్క విషయం మొదటి రోజే చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది, నేను చెప్పి చూశాను.

అసలు ప్రమాదం తరువాత వస్తుంది. ఎక్స్ పుట్టిన రోజుల్లో నెట్‌వర్క్ మీద అందరూ మనవాళ్లే అన్న నమ్మకం ఉండేది, అందుకని ఎక్స్ మాటలన్నీ తాళం లేకుండా, ఉన్నవి ఉన్నట్టుగా వెళతాయి, 6000 నంబర్ పోర్ట్ (కంప్యూటర్‌లోకి నెట్‌వర్క్ వచ్చే తలుపు లాంటిది) మీద. మనం నొక్కిన ప్రతి అక్షరం, పాస్‌వర్డ్‌తో సహా, దారిలో కూర్చున్నవాడికి కనిపిస్తుంది. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించాక టాటు యిలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు, దూరంగా ఉన్న యంత్రంలోకి తాళం వేసిన దారిలో లాగిన్ అయ్యే ప్రోగ్రామ్ అది. ఎక్స్ బొమ్మలను కూడా తన తాళం వేసిన సొరంగంలో నుంచి మోసుకుపోయే ఏర్పాటు అందులో ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కు హైఫన్, పెద్ద ఎక్స్ అక్షరం తగిలిస్తే చాలు, విండోస్‌లో వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ పుట్టీలో అయితే ఎక్స్11 ఫార్వర్డింగ్ దగ్గర టిక్ పెడితే చాలు. అవతలి యంత్రంలో డిస్‌ప్లే అనే వేరియబుల్‌కు (ఏ తెర మీద గీయాలో ప్రోగ్రామ్‌కు చెప్పేది) లోకల్‌హోస్ట్ 10 (లోకల్‌హోస్ట్ అంటే ఆ యంత్రమే) అని అదే విలువ పెట్టుకుంటుంది, ప్రోగ్రామ్ ఆ యంత్రంలోనే ఉన్న 6010 పోర్ట్‌తో మాట్లాడుతుంది, అక్కడి నుంచి మన దాకా అంతా 22వ పోర్ట్ లోపల, తాళం వేసిన దారిలోనే వస్తుంది. బయటికి ఇంకో తలుపు తెరవాల్సిన పనే లేదు.

ఇంత తేలికైన పద్ధతి ఉండగా పిల్లలు తలుపులన్నీ ఎందుకు తెరుస్తారు? ఒక రాత్రి జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరు వద్దు) డేటాబేస్ అప్‌గ్రేడ్ ఉంది. అమీర్‌పేటలో కోర్సు చేసి, కొత్తగా చేరిన అబ్బాయి రాత్రి షిఫ్ట్‌లో ఒక్కడే ఉన్నాడు. తన పేరుతో లాగిన్ అయ్యాడు, చిన్న గడియారం బొమ్మ తెరిచి చూసుకున్నాడు, వచ్చింది. తరువాత పని చేయడానికి ఒరాకిల్ యూజర్‌కు మారాడు. ఇన్‌స్టాలర్ నడిపితే డిస్‌ప్లే తెరవలేకపోతున్నానని ఎర్రర్. అటు అమెరికా వాళ్లు చాట్‌లో ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారు. నెట్‌లో వెతికితే అన్నిచోట్లా కనిపించిన జవాబు ఒకటే, ఎక్స్‌హోస్ట్ ప్లస్ కొట్టు, డిస్‌ప్లేకు నీ ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ ఇవ్వు అని. అలాగే చేశాడు. ఎక్స్ సర్వర్ మొదలుపెట్టేటప్పుడు యాక్సెస్ కంట్రోల్ వద్దు అన్న గడిలో టిక్ కూడా పెట్టాడు. కిటికీ తెరుచుకుంది, అప్‌గ్రేడ్ అయింది, పొద్దున్నే ఇంటికి వెళ్లి పడుకున్నాడు.

ఎక్స్‌హోస్ట్ ప్లస్ అంటే ఏ యంత్రం నుంచైనా ఎవరైనా నా తెర మీదికి రావచ్చు అని ఒప్పుకోవడం. రావడమంటే బొమ్మ గీసి పోవడం ఒక్కటే కాదు, తెరను ఫోటో తీసుకోవచ్చు, మనం నొక్కే అక్షరాలు చదువుకోవచ్చు. సెక్యూరిటీ వాళ్లు మధ్యాహ్నానికి పట్టుకున్నారు. డేటాబేస్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చాల్సి వచ్చింది, ఆ అబ్బాయిని ప్రాజెక్ట్ నుంచి తీసేశారు. తప్పు జరిగింది, కాదనను. కానీ ఆ తప్పు వాడొక్కడిదే అన్నట్టు అందరి ముందూ నిలబెట్టి అడిగారు చూడండి, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. వాడికి ఆ పని అప్పగించేటప్పుడు ఇచ్చిన కాగితంలో "ఇన్‌స్టాలర్ నడపండి" అని ఒక్క వాక్యం ఉంది, ఎలా అన్నది లేదు.

వాడికి తెలియాల్సింది నిజానికి చాలా చిన్న విషయం. మనం లాగిన్ అయినప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ ఒక రహస్య సంఖ్యను, దాన్ని కుకీ అంటారు, లాగిన్ అయిన యూజర్ హోమ్ డైరెక్టరీలో ఒక ఫైల్‌లో రాసి పెడుతుంది. ఆ సంఖ్య చూపించినవాళ్లకే తెర మీద గీసే అనుమతి. వేరే యూజర్‌కు మారగానే హోమ్ డైరెక్టరీ మారిపోతుంది, ఆ ఫైల్ కనపడదు, అనుమతి పోతుంది. అంతే. మారకముందు, ఈ కుకీలను చూసుకునే ఎక్స్‌ఆథ్ ప్రోగ్రామ్‌తో ఎక్స్‌ఆథ్ లిస్ట్ అని కొట్టి, మన డిస్‌ప్లే నంబర్ ఉన్న వరుసను కాపీ చేసుకుని, మారాక ఎక్స్‌ఆథ్ యాడ్ పక్కన ఆ వరుసను అతికిస్తే, డిస్‌ప్లే వేరియబుల్ పాత విలువే ఉందో లేదో చూసుకుంటే, కిటికీ తెరుచుకుంటుంది. ఆఫీసు ఒప్పుకుంటే నేరుగా ఆ యూజర్‌గానే ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అవ్వడం ఇంకా తేలిక. మొదట్లోనే ఏ బొమ్మా రాకపోతే రెండు చూడాలి, అవతలి యంత్రంలోని ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కాన్ఫిగ్‌లో, అంటే సెట్టింగుల ఫైల్‌లో, ఎక్స్11ఫార్వర్డింగ్ "ఎస్" అని ఉందా (మామూలుగా వాడే ఎస్‌ఎస్‌హెచ్ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తనంతట తాను "నో" అనే పెడుతుంది), అవతల ఎక్స్‌ఆథ్ ప్రోగ్రామ్ అసలు ఉందా అని. చిన్నగా, అవసరమైనవే పెట్టుకున్న మెయిన్‌ఫ్రేమ్ లినక్స్‌లో చాలాసార్లు ఈ రెండోదే ఉండదు, గంటలు గంటలు దాని మీదే పోతాయి.

ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కు హైఫన్ పెద్ద ఎక్స్ లాగే హైఫన్ పెద్ద వై అని ఇంకోటుంది. కొన్ని జావా కిటికీలు హైఫన్ ఎక్స్‌తో సరిగ్గా తెరుచుకోవు, హైఫన్ వైతో తెరుచుకుంటాయి, దాంతో అందరూ వై అలవాటు చేసుకుంటారు. వై అంటే అవతలి యంత్రాన్ని పూర్తిగా నమ్ముతున్నాను అని చెప్పడం. అక్కడ రూట్ అధికారం (యంత్రం మీద పూర్తి అధికారం) ఉన్న ఎవరైనా చెడ్డబుద్ధితో ఉంటే మన మిగతా కిటికీల్లో కొట్టేది కూడా చదవగలరు. మన ఆఫీసు సర్వర్‌కు వాడండి, తెలియని చోట వద్దు. డెబియన్ లాంటి కొన్ని లినక్స్‌లలో ఎక్స్ కొట్టినా వై కొట్టినా మామూలుగా ఒకటే అవుతుంది, అదీ గుర్తు పెట్టుకోవాలి.

ఇక హైదరాబాద్ నుంచి అమెరికాలోని యంత్రం మీద పనిచేసే మనవాళ్ల కష్టం వేరు. మాట అక్కడికి వెళ్లి తిరిగి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఎక్స్ ఒక మెనూ తెరవడానికి కూడా ఎన్నోసార్లు అటూ ఇటూ అడుగుతుంది, కాబట్టి మౌస్ నొక్కి నిమిషం కూర్చోవాలి. దానికంటే పెద్ద సమస్య, మధ్యలో నెట్ పోయినా, కరెంటు పోయి రౌటర్ ఆగినా, సొరంగం తెగుతుంది, దానితో పాటు ఇన్‌స్టాలర్ కూడా పోతుంది, సగం పెట్టిన డేటాబేస్ అక్కడ మిగులుతుంది. అందుకని దూరం నుంచి చేసే పెద్ద పనులకు వీఎన్‌సీ (తెర మొత్తం అవతలి యంత్రంలోనే ఉంచి, దాని బొమ్మను మనకు చూపించే ప్రోగ్రామ్) మంచిదని నా అనుభవం. దాన్ని అవతలి యంత్రంలోనే, లోకల్‌హోస్ట్‌కే కట్టేసి నడిపి, 5901 పోర్ట్‌ను ఎస్‌ఎస్‌హెచ్ సొరంగంలో నుంచి తెచ్చుకోవాలి. మన వైపు లైన్ తెగినా అక్కడ పని సాగుతూనే ఉంటుంది, మళ్లీ కనెక్ట్ అయి చూసుకోవచ్చు. ఎక్స్‌ప్రా అనే ఇంకో ప్రోగ్రామ్ కూడా ఇలాగే పనికొస్తుంది.

కిటికీలే అక్కర్లేదు, జవాబులన్నీ ముందే రాసిన రెస్పాన్స్ ఫైల్ ఇచ్చి, కిటికీ తెరవని సైలెంట్ మోడ్‌లో చేసుకోవచ్చు కదా అంటారు కొందరు. చేసుకోవాలి కూడా. కానీ ఆ ఫైల్ మొదటిసారి తయారు చేసుకోవడానికే చాలామంది ఇన్‌స్టాలర్ కిటికీ తెరుస్తారు. ఎక్స్ పాతబడింది, దాని స్థానంలో వేల్యాండ్ వచ్చింది, రెడ్‌హ్యాట్ 2025లో తెచ్చిన తన లినక్స్ పదో వెర్షన్‌లో ఎక్స్‌ఆర్గ్ అనే ఎక్స్ సర్వర్‌నే తీసేసింది అని ఇంకొందరు. అదీ నిజమే, అయితే ఎక్స్‌లో రాసిన ప్రోగ్రామ్‌లు దాంతో ఆగిపోలేదు, మెయిన్‌ఫ్రేమ్ మీద ఒకసారి పెట్టిన సర్వర్ ఏళ్ల తరబడి కదలదు. ఈ సంవత్సరం చేరే పిల్లలు దీన్నే చూడబోతున్నారు.

ఆఫీసుల్లో పెద్దవాళ్లకు నా మాట ఇది. ఎక్స్11 ఫార్వర్డింగ్‌ను అందరికీ మూసేసి ఊరుకోకండి, మూసేసిన చోటే ఇలాంటి అడ్డదారులు పుడతాయి. ఇన్‌స్టాల్ పని చేసే ఒక గ్రూపుకు మాత్రం తెరిచి పెట్టండి, ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో మ్యాచ్ గ్రూప్ అని రాస్తే సరిపోతుంది. ల్యాప్‌టాప్‌లలో 6000 పోర్ట్‌కు బయటి నుంచి ఎవరూ రాకుండా ఫైర్‌వాల్ పెట్టండి. కోర్సులు చెప్పేవాళ్లను అడిగేది అంతకంటే చిన్నది. నెలల కోర్సులో ఒక్క పూట దీనికివ్వండి, పిల్లల చేత స్వయంగా యూజర్ మార్పించి, ఎర్రర్ రప్పించి, కుకీ తెచ్చి అతికించేలా చేయించండి. మెయిన్‌ఫ్రేమే ఉండాలని లేదు, పక్కపక్కన రెండు మామూలు లినక్స్ మెషీన్లున్నా చాలు.

మీ పేజీలో చోటు ఇస్తానంటే, డిస్‌ప్లే ఎర్రర్ వచ్చినప్పుడు ఏది ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి అన్నది తెలుగులో వరుసగా రాసి పంపుతాను. ఆ రాత్రి వెతికినప్పుడు ఆ అబ్బాయికి తెలుగులో ఇలాంటిదొక్కటీ దొరకలేదు.

ఇట్లు,
ఒక లినక్స్ అడ్మినిస్ట్రేటర్,
హైదరాబాద్