మీ సిస్టమ్ ఎందుకు రీస్టార్ట్ అవుతోందో ఇప్పుడు తెలిసింది

మా దగ్గర ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్‌తో సిస్టమ్ చేయించుకున్నవారిలో కొందరు ఈ మధ్య ఒకే ఫిర్యాదుతో వచ్చారు. గంటల తరబడి రెండరింగ్ (వీడియోనో 3డి బొమ్మనో పూర్తి రూపంలో తయారు చేయించే బరువైన పని) చేసినా ఏమీ కాదు. పని ఆపి కాసేపు పక్కకు వెళ్లి వచ్చేసరికి మాత్రం సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయి ఉంటోంది. మేం మొదట ర్యామ్ మార్చాం, తర్వాత పవర్ సప్లై మార్చాం. తప్పు వాటిలో లేదు, ప్రాసెసర్‌కు అందే వోల్టేజ్ తగ్గించడానికి (దీన్నే అండర్‌వోల్ట్ అంటారు) మేం పెట్టిన సెట్టింగ్‌లో ఉంది. ఆ మార్పులకు డబ్బు కట్టినవారందరికీ తిరిగి ఇచ్చేస్తున్నాం.

ఆ సెట్టింగ్ ఎందుకు పెట్టామో చెప్పాలి. పని చేసేటప్పుడు ప్రాసెసర్ తీసుకునే పవర్ ఫ్రీక్వెన్సీతో, అంటే స్పీడుతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్‌తో అయితే దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. 1.3 వోల్టుల దగ్గర నడిచే చిప్‌ను అదే స్పీడులో 1.2కి దించగలిగితే సుమారు 15 శాతం పవర్ మిగులుతుంది. వేడి తగ్గుతుంది, ఫ్యాన్ మోత తగ్గుతుంది. మిగిలిన పవర్‌ను చిప్ స్పీడు పెంచుకోవడానికి వాడుకుంటుంది కాబట్టి బరువైన పనులు కాస్త త్వరగా కూడా అవుతాయి. ఇది మాకు చాలా ఇష్టమైన పని. ఆ ఇష్టంతోనే తొందరపడ్డాం.

బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్ ఉండే చోటు) కర్వ్ ఆప్టిమైజర్ అనే చోట ఒక్కో అంకె తగ్గిస్తే సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. మేం అన్ని కోర్లకూ (ప్రాసెసర్ లోపల విడివిడిగా పని చేసే భాగాలు) ఒకేలా మైనస్ 30 పెట్టి, రాత్రంతా ఫుల్ లోడ్‌లో టెస్ట్ చేసి, పాస్ అయిందని పంపించాం. కానీ కోర్లన్నీ పని చేస్తున్నప్పుడు స్పీడు కొంత తక్కువలోనే ఉంటుంది. పని తేలికగా ఉన్నప్పుడే ఒకటి రెండు కోర్లు ఉన్నట్టుండి గరిష్ఠ స్పీడుకు ఎగురుతాయి. వోల్టేజ్ చాలకపోతే బయటపడేది అక్కడే. మేం అక్కడ చూడనే లేదు. పైగా ఒకే మోడల్ చిప్‌లు రెండు ఒకలా ఉండవు, ఒకే చిప్‌లోని కోర్లూ ఒకలా ఉండవు. రీస్టార్ట్ అయితే కనీసం తెలుస్తుంది. ఇలాంటి చిప్ లెక్క తప్పి ఎవరి ఫైలైనా పాడై ఉంటుందేమోనన్నదే నా టెన్షన్.

ఇకపై ఒక్కో కోర్‌ను విడిగా టెస్ట్ చేస్తాం, స్లీప్‌లోకి పంపి లేపి చూస్తాం, దొరికిన హద్దుకు కొంత ఇవతలే ఆగుతాం. డెలివరీ రెండు రోజులు ఆలస్యమవుతుంది.

నిజానికి ఇప్పుడు మాకు అండర్‌వోల్ట్ కన్నా పవర్ లిమిట్ మీదే నమ్మకం ఎక్కువ. అది చిప్ వోల్టేజ్ లెక్కను ముట్టుకోదు, ఎంతవరకు లాగవచ్చో మాత్రమే చెబుతుంది. కాబట్టి దానివల్ల సిస్టమ్ తడబడదు. ఇంటెల్ కోర్ ఐ9 13900కెకి కంపెనీ చెప్పిన గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. కొన్ని మదర్‌బోర్డులు ఆ హద్దు కూడా తీసేసి వస్తాయి, మేం ఇన్నాళ్లూ దాన్ని అలాగే వదిలేశాం. రైజెన్ 9 7950ఎక్స్ 230 వాట్ల వరకు లాగుతుంది, పవర్ తగ్గించే ఎకో మోడ్‌లో, 65 వాట్లు అని పేరున్నదాన్ని పెడితే నిజానికి 88 వాట్ల దగ్గర ఆగుతుంది. చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసమే వోల్టేజ్ బాగా పెంచాల్సి వస్తుంది, పవర్‌లో పెద్ద భాగం అక్కడే పోతుంది. గిగాహెర్ట్జ్ ఒక్కటే పట్టుకుని పోతే ఏమవుతుందో పరిశ్రమ ఎప్పుడో చూసింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను ఇంటెల్ 2004లోనే మానుకుంది, 2006లో అంతకన్నా తక్కువ స్పీడుతో వచ్చిన కోర్ 2 డ్యుయో ఎక్కువ పని చేసింది.

పవర్ లిమిట్ పెడితే గేమ్స్‌లో చాలావరకు మీకు తేడా తెలియదు. రెండరింగ్‌కు మాత్రం ఎక్కువ సమయం పడుతుంది. రోజంతా అదే పని చేసేవారు ముందే చెప్పండి, కంపెనీ చెప్పిన గరిష్ఠ హద్దులోనే ఉంచుతాం.

మేం ఇచ్చిన ప్రతి సిస్టమ్‌కూ కేబినెట్ తలుపు లోపల సెట్టింగ్స్ రాసిన కాగితం అంటించి ఉంటుంది. దాని మీద మైనస్ 30 అని ఉంటే, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాకపోయినా, మాకు ఫోన్ చేయండి. దాన్ని సున్నాకు మార్చడం ఫోన్‌లోనే చెబుతాం, ఐదు నిమిషాల పని.