పేరు రాయొద్దన్న లెక్కల టీచరు గారికి

పిల్లలు దశాంశాల్ని ఎలా అర్థం చేసుకుంటారో రాసిన పరిశోధన పేపరుని జర్నల్ వాళ్లు ఎట్టకేలకు ఒప్పుకున్నారు. కళ్లు మూతలు పడుతున్నాయి, వాక్యాలు అటూ ఇటూ అయితే మన్నించండి.

పిల్లలు చెప్పిన జవాబుల్ని, వాటి వెనకున్న ఆలోచనని బట్టి వర్గాలు చేయడాన్ని మేం కోడింగ్ అంటాం. ఒక్కరే చేస్తే చెల్లదు. రెండో మనిషి మొదటివారి గుర్తులు చూడకుండా అవే జవాబుల్ని మళ్లీ కోడ్ చేయాలి. జీతం లేదు, పేరు రాదు, విసుగు మాత్రం దండిగా ఉంటుంది. అందరూ "చూద్దాం" అన్నచోట, ముఖపరిచయం కూడా లేని ఒక రిటైర్డ్ లెక్కల టీచరు ఒప్పుకున్నారు. ఒక్కటే షరతు: "టైపు చేసిన కాగితాలు చాలవు, పిల్లల గొంతులు వినాలి." గోప్యత పత్రం మీద సంతకం పెట్టి, పేర్లు తీసేసి నంబర్లు వేసిన ఆడియో తీసుకున్నారు.

0.45, 0.8లో ఏది పెద్దది అన్న ప్రశ్నే చూడండి. కాగితం మీద "విద్యార్థి: 0.45" అని మాత్రమే ఉంటుంది. ఆడియోలో ఒకరు "పాయింట్ నాలుగు ఐదు" అంటారు, ఇంకొకరు "పాయింట్ నలభై ఐదు" అంటారు. రెండోవాళ్లు 45ని 8తో పోల్చుతున్నారేమో అనడానికి అదే మొదటి ఆనవాలు. టైపు చేసేవాళ్లు రెంటినీ అంకెల్లోకి మార్చేస్తే ఆ ఆనవాలు పోతుంది. ఆవిడ ప్రతిచోటా పిల్లలు పలికింది పలికినట్టు తిరిగి రాశారు. ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగారో కూడా పక్కన వేశారు!

అంతటితో వదల్లేదు. 0.8 అని సరిగ్గా చెప్పినవాళ్లలో కొందరి కారణం "పాయింట్ తర్వాత అంకెలు ఎక్కువైతే విలువ చిన్నది" అని. వాళ్లనే 0.3, 0.75 అడిగితే 0.3 పెద్దదంటారు. 45ని 8తో పోల్చేవాళ్లు ఈ రెండో ప్రశ్నలో గట్టెక్కేస్తారు. అందుకే రెండు ప్రశ్నల్నీ కలిపి చదవాలి, విడివిడిగా మార్కులేస్తే ఇద్దరూ సగం వచ్చినవాళ్లలాగే కనిపిస్తారు. పరిశోధకుడు ఎర్ల్‌వాంగర్ 1973లో రాసిన బెన్నీ అనే పిల్లాడు కూడా ఇలాంటివాడే: పరీక్షల్లో బాగానే నెగ్గుకొచ్చాడు, 2/10ని మాత్రం 1.2 అని రాసేవాడు. "సరైనది" అన్న ఒక్క గడిని ఆవిడ కారణాల వారీగా విడగొట్టారు. పేపరుకి ప్రాణం అదే.

ఇద్దరి కోడింగ్ నూటికి ఎన్నిచోట్ల కలిసిందో చెప్పే పొంతన శాతం చూసి మురిసిపోవద్దని హెచ్చరించిందీ ఆవిడే. గడులు రెండే ఉండి, 100 జవాబుల్లో ఇద్దరూ చెరో 85ని ఒకే గడిలో వేసి, 90 చోట్ల కలిశారనుకోండి. యాదృచ్ఛికంగానే 74.5 చోట్ల కలిసే వీలుంది. ఆ యాదృచ్ఛికాన్ని తీసేసి పొంతనని కొలిచే కోహెన్ కప్పా వేస్తే 0.61 దగ్గర ఆగుతుంది. 90 అని రాసుకోవడం హాయిగా ఉంటుంది, అంతే.

ఇంత పనికి ప్రమోషన్ ఫారంలో గడి లేదు. గణితం వాళ్లు "ఇది లెక్కలు కాదు" అంటారు, ఎడ్యుకేషన్ వాళ్లు "ఇందులో లెక్కలెక్కువ" అంటారు. పేపరు నిడివి తగ్గించమంటే ముందు కోత పడేది కోడింగ్ వివరాలకే. పేపర్లు లెక్కపెట్టే కమిటీలు ఒక్క గంట ఆడియో అయినా విని చూడాలి.

మేడం, పేరు రాయొద్దన్నారు, రాయలేదు. ఆ పలికిన మాటల పట్టిక చూసినప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు.

ఇంట్లోవాళ్లకి వేరే చెప్పాలా, వాళ్లకి తెలుసు.

అయ్యో, మరిచాను: పాత సంచికలు స్కాన్ చేసి పంపిన లైబ్రరీ మిత్రులకి, సంతకాలు పెట్టిన తల్లిదండ్రులకి, అన్నిటికన్నా ముందు ఓపిగ్గా మాట్లాడిన పిల్లలకి థాంక్స్.

ఇంకొకరు: రికార్డర్ అరువిచ్చిన తమ్ముడు, అదనపు బ్యాటరీలతో సహా. ఫోన్‌లో రికార్డు చేసేవాళ్లు ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ తెగిపోవచ్చు.